అష్టశిఖర పాసు

మా జిల్లాలో మంచు పడదు. మంచుగడ్డ అంటే మాకు చేపల లారీలో రంపపు పొట్టు కింద కనిపించేదే. అందుకే కాబోలు, మంచు క్రీడల వికాస మండలివారు తమ మొదటి స్కీయింగ్ కేంద్రానికి మా జిల్లాను ఎంచుకున్నారు. మంచు పడే చోట మంచు ఆటలు ఎవరైనా పెడతారు, అందులో వికాసం ఏముంది అని తరవాత వారే నాకు వివరించారు.

నేను చీపుర్ల వ్యాపారిని. గంగిరేగువలస సంతలో మా నాన్న పెట్టిన కొట్టు నాది. ఊరి నెత్తినే నక్కలమెట్ట అనే కొండ ఉంది. దాని మీద ఉన్న ముప్పై నాలుగు ఇళ్ళ ఆడవాళ్ళు పుష్యం నుంచి ఫాల్గుణం దాకా కొండచీపురు కోసి, ఆరబెట్టి, మోపులు కట్టి, శనివారం సంతకు దింపుతారు. ఆ పది పన్నెండు సంతలే వాళ్ళకు ఏడాది మొత్తంమీద చేతికి డబ్బు తగిలే రోజులు. నాకూ అంతే. కోశాక నెల దాటితే చీపురు కుచ్చు రాలడం మొదలవుతుంది. కుచ్చు రాలిన చీపురును కొనేవాడు లేడు.

కొండ దిగడానికి రెండు దారులు. ఒకటి చుట్టుదారి. మూడు గంటల నడక. నెత్తిమీద ఒక్క మోపుకు మించి రాదు. రెండోది జారుడు. కొండకు పడమటి వైపు నున్నటి ఏటవాలు బండ, పైన ఎండిన గడ్డి. తాటిమట్టలాంటి జీలుగుమట్ట కింద వేసి, దాని మీద మూడు మోపులు కాడలు ముందుకు, కుచ్చులు వెనక్కి ఉండేట్టు కట్టి, కాడల మీద కూర్చుని కాళ్ళు ఎత్తేస్తే నాలుగు నిమిషాల్లో సంతలో ఉంటారు. మడమలే బ్రేకులు. వెనక కుచ్చులు బండను ఊడ్చుకుంటూ వస్తాయి. వాళ్ళ అమ్మమ్మల కాలం నుంచీ ఇదే పద్ధతి. నడిస్తే ఒక మోపు, జారితే మూడు. నా వ్యాపారమంతా ఈ ఒక్క లెక్క మీద నడుస్తోంది.

ఒక శనివారం మిట్టమధ్యాహ్నం మండలి మేనేజింగ్ డైరెక్టరు ప్రభంజనరావుగారు జీపు దిగారు. ఉన్ని టోపీ, ఉన్ని చేతి తొడుగులు. మంచు దేశాల్లో రెండు వారాల అధ్యయన యాత్ర ముగించుకుని వచ్చారట. టోపీ తియ్యడానికి ఇంకా మనసు రాలేదు. ఆయన నా కొట్టు ముందు సోడా తాగుతుండగా జారుడు మీద గురుబారి దిగింది. నక్కలమెట్ట ఆడవాళ్ళలో మాటకారి ఆవిడే, లెక్కా ఆవిడే చూస్తుంది. దుమ్ము లేపుకుంటూ వచ్చి సరిగ్గా ఆయన జీపుకు మూరెడు దూరంలో ఆగింది.

ప్రభంజనరావుగారి చేతిలోంచి సోడాసీసా జారిపోయింది.

"చూశారా! ఆ మోకాళ్ళ వంపు చూశారా! ఆ సమతౌల్యం!" అని కేక పెట్టారు.

గురుబారి నా వైపు తిరిగింది. "ఏటి శావుకారూ, బాబుగారికి దెబ్బ తగిలిందేటి? అలాగ అరుస్తన్నారు."

"అమ్మా, మీరు ఎన్ని సంవత్సరాలుగా స్కీయింగ్ చేస్తున్నారు?" అని ఆయన చేతులు జోడించి అడిగారు.

"నానేటీ సెయ్యలేదు బాబూ. సీపుర్లు దింపుతన్నాను."

"వినండి. ఇది అసంఘటిత రంగంలో ఉన్న స్కీయింగ్. ఇన్నేళ్ళూ ఎవరి లెక్కలోకీ రాలేదు. దీన్ని ప్రధాన స్రవంతిలోకి తీసుకురావలసిన చారిత్రక బాధ్యత మన మీద ఉంది."

అధికారి నోట ప్రధాన స్రవంతి అనే మాట వింటే నేను కొట్టు తలుపు గొళ్ళెం ఒకసారి చూసుకుంటాను. చూసుకున్నాను. గొళ్ళెం గట్టిగానే ఉంది. కానీ ఈసారి ఆపద వచ్చింది తలుపు గుండా కాదు.

మళ్ళీ పుష్యం వచ్చేలోగా అష్టశిఖర పాసు ప్రకటించారు. ఒక్క పాసు, ఎనిమిది కొండలు, ఏడాది పొడుగునా ఎన్నిసార్లయినా జారవచ్చు. ఎనిమిదే ఎందుకండీ అని అడిగాను. ఏడు అంటే జనం భక్తితో వస్తారు, క్రీడాస్ఫూర్తి దెబ్బతింటుంది అన్నారు. ఆ ఎనిమిదింటిని వెతకడం కష్టం కాలేదు. చీపురు పెరిగే కొండలన్నిటి మీదా ఆడవాళ్ళు జారుతూనే ఉన్నారు కనక, చీపుర్లు దిగే చోటల్లా ఒక బోర్డు పాతుకుంటూ పోయారు. అలా ఏడు దొరికాయి. ఎనిమిదోది ఎంత వెతికినా దొరకలేదు. గడువు దగ్గర పడింది. చివరికి పట్నంలో మండలి కార్యాలయం వెనక, పునాదులు తవ్వినప్పుడు పోసిన మట్టిదిబ్బకు అష్టమ శిఖరమని పేరు పెట్టి సిమెంటు మెట్లు కట్టించారు. ఎత్తు పన్నెండు అడుగులు.

ధర విని నేను లేచి నిలబడ్డాను. పాసు తొమ్మిది వందల తొంభై తొమ్మిది. పాసు లేకుండా ఒక్కసారి జారాలంటే టిక్కెట్టు ఆరు వందలు.

"ఒక్క జారుడుకి ఆరు వందలు ఎవరిస్తారండీ?" అన్నాను.

"ఎవరూ ఇవ్వకూడదనే ఆ ధర పెట్టాం వరహాలుగారూ. టిక్కెట్టు అమ్మడానికి కాదు, పాసు చౌకగా కనిపించడానికి. మంచు దేశాల్లో ఇదే శాస్త్రం" అన్నారు ప్రభంజనరావుగారు.

నాకు ఆయన మీద మొదటిసారి గౌరవం కలిగింది. విడి చీపురు అరవై, డజను నాలుగు వందలు అని నేను ముప్పై ఏళ్ళుగా బోర్డు రాస్తున్నాను. దాన్ని శాస్త్రమంటారని అప్పుడే తెలిసింది.

ముప్పై నాలుగు పాసులూ నేనే కొనిచ్చాను. దానమేమీ కాదు. చీపురు కిందికి రాకపోతే నా కొట్టులో కూర్చుని నేను ఈగలు తోలుకోవాలి. పాసు మీద గురుబారి ఫొటో బాగా వచ్చింది. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"మా కొండ మేం దిగడానికి చీటీ ఇచ్చినారన్నమాట" అంది.

"ఇంకో ఏడు కొండలు కూడా దిగొచ్చు" అన్నాను.

"నాకు ఆ కొండల మీద పనేటుంది శావుకారూ?"

ఆ ప్రశ్న నేను పాసు కొనేటప్పుడు వేసుకోలేదు. పాసు కొన్నవాళ్ళెవరూ వేసుకోరని తరవాత తెలిసింది.

మొదటి శనివారం జారుడు పైకొసన గొలుసు కట్టి ఉంది. గొలుసు పక్కన తారకేశు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. మండలివారు మా కొండకు వేసిన పాసుల పరిశీలకుడు అతను. చదువుకున్న కుర్రాడు, నెమ్మదస్తుడు, నిబంధనల పుస్తకం ఒళ్ళో పెట్టుకునే అన్నం తింటాడు.

"ఈ రోజు పాసు చెల్లదమ్మా. శనివారాలు రద్దీ దినాలు. రద్దీ దినాల్లో పాసు మీద జారనివ్వకూడదు. ఇరవై మూడో నిబంధన" అన్నాడట.

"రద్దీ ఎవులిది బాబూ?" అని గురుబారి అడిగింది.

తారకేశు రిజిస్టరు చూశాడు. "శనివారాల్లో ముప్పై నాలుగు మంది జారుతున్నారని ఉంది."

"ఆ ముప్పై నాలుగు మందీ మేమే."

"అవునమ్మా. అందుకే మీకు రద్దీ ఇబ్బంది లేకుండా మూసేశాం."

ఆ రోజు అందరూ చుట్టుదారిన నెత్తిమీద ఒక్కో మోపుతో వచ్చారు. మూడో వంతు సరుకు. సంత పెద్దలం కూర్చుని సంతను బుధవారానికి మార్చాం. రెండు బుధవారాలు హాయిగా జారారు. మూడో బుధవారం గొలుసు పడింది. బుధవారాల్లో అనూహ్యమైన రద్దీ గమనించడమైనదని సర్క్యులరు.

గురుబారి నా కొట్టు బల్ల మీద కూలబడి మజ్జిగ తాగింది. "నాకు ఇప్పుడు తెలిసింది శావుకారూ. మేం రాని రోజున మేం రావచ్చును."

అప్పుడు మేం ఇంకో ఎత్తు వేశాం. సంతకు రోజంటూ లేకుండా చేశాం. తెల్లవారి డప్పు మోగితే ఆ రోజు సంత. లేకపోతే లేదు. ఏ రోజు రద్దీ అవుతుందో మాకే తెలియనప్పుడు మండలికి మాత్రం ఎలా తెలుస్తుంది? రెండు వారాలు ఇలా గడిచాయి. మిరపకాయలవాడు సంత లేని రోజున వచ్చి, సంత ఉన్న రోజున రాక, నన్ను తిట్టిపోశాడు గానీ చీపురు మాత్రం దిగింది.

ఈలోగా నలభై ఒకటో నిబంధన బయటికి వచ్చింది. పాసు ఉన్నవాళ్ళు అరవై రోజుల లోపల కనీసం అయిదు శిఖరాల మీద జారి పాసు మీద అచ్చు వేయించుకోవాలి. లేకపోతే పాసు రద్దు.

దీని మీద ప్రభంజనరావుగారికి ఫోను చేశాను. "బహుళ శిఖర పాసు పుచ్చుకుని ఒకే శిఖరం మీద జారడం పథకం ఆత్మకు విరుద్ధం వరహాలుగారూ. సందర్శనల సంఖ్య పెరగాలి. పై నుంచి అడుగుతారు" అన్నారు.

"వాళ్ళు సందర్శకులు కారండీ. ఆ కొండ మీద ఉండేవాళ్ళు."

"మిగతా ఏడు శిఖరాలకూ వాళ్ళు సందర్శకులే కదా!"

కాదనడానికి వీల్లేదు. నా లారీ ఖాళీగానే ఉంది. పాసు రద్దయితే ఒక్కొక్కరికీ మళ్ళీ తొమ్మిది వందల తొంభై తొమ్మిది. డీజిలు అంతకంటే చౌక. ముప్పై నాలుగు మందినీ ఎక్కించుకుని బయలుదేరాను. కొందరి చంకల్లో పిల్లలు, అందరి చేతుల్లో మట్టలు. దారిలో మాకు ఎదురుగా ఇంకో లారీ వచ్చింది. అందులో కోడిజుట్టు కొండ ఆడవాళ్ళు, మా నక్కలమెట్ట మీద అచ్చు వేయించుకోవడానికి వెళుతున్నారు. రెండు లారీలూ ఆగాయి. ఆ లారీలో ఒక ముసలామె గురుబారిని అడిగింది:

"మీ బండ గరుకా, నునుపా?"

"నునుపే గానీ, సివర్న రాయుంది, ఎడమకి వొంగు. మీది?"

"మాది నిలువు. పేణం గుప్పిట్లో ఎట్టుకో. మోపు ఎంతకిస్తన్నారు మీ కాడ?"

గురుబారి నా వైపు ఓరగా చూసి, లారీ అవతలి వైపుకు వెళ్ళి మాట్లాడింది. నేను పట్టించుకోలేదు. ఇప్పుడు తలుచుకుంటే, ముప్పై ఏళ్ళ వ్యాపారంలో నేను చెవి ఒగ్గవలసిన మాట అదొక్కటే.

ప్రతి కొండ దగ్గరా ఇదే వరస. ఎనిమిది రోజులు తిరిగాం. ఏ కొండ మీదా ఆ కొండవాళ్ళు లేరు, అందరూ వేరే కొండల మీద జారుతున్నారు. నాలుగు అచ్చులు పడ్డాక అయిదో దానికి పట్నం వెళ్ళాం. బస్టాండుకు దగ్గర కనక అందరూ అష్టమ శిఖరానికే వస్తున్నారు. మట్టిదిబ్బ చుట్టూ మూడు చుట్లు వరస. మూడు గంటలు నిలబడితే మూడు సెకన్ల జారుడు.

వరసలో మా ముందు ఒక రిటైర్డు బ్యాంకు మేనేజరు ఉన్నారు. రెండు మోకాళ్ళకూ పట్టీలు. ఈ పాసును సరదా కోసం కొన్న మనిషిని నేను చూడడం అదే మొదలు.

"ఇది నాకు ఎనిమిదోది. ఇది కూడా జారితే కొండకు నూట పాతిక పడుతుంది. మొదటి కొండ దగ్గరే మానేసి ఉంటే ఆ ఒక్కదానికే తొమ్మిది వందల తొంభై తొమ్మిది పడేది. చూశారా లాభం?" అన్నారు.

"బస్సులూ, హోటళ్ళూ?"

"అవి పాసులోకి రావు కదండీ, లెక్కలోకి ఎందుకు వస్తాయి?"

"బాబూ, మరి ఆ మోకాళ్ళో?" అంది వెనక నుంచి గురుబారి.

"మోకాళ్ళు మెడికల్ కిందికి వస్తాయమ్మా."

"జారితే బాగుందేటి, పోనీ?"

ఆయన మోకాలి పట్టీ బిగించుకున్నారు. "ఆ సంగతి చూసుకోలేదమ్మా. గిట్టుబాటు అయ్యాక, వచ్చే ఏడు తీరిగ్గా చూసుకుంటాను."

అచ్చులు వేయించుకుని ఇంటికి వచ్చేసరికి మాఘం సగం గడిచింది. పైన ఇళ్ళ ముందు కోసిపెట్టిన చీపురు గుట్టలు గుట్టలుగా ఉంది. మొదట కోసిన దానికి కుచ్చు రాలడం మొదలైందని గురుబారి గుప్పెడు పట్టుకొచ్చి నా బల్ల మీద విదిలించింది. బల్లంతా బూజు రంగు పొడి. మా పాసులు చెల్లుతాయి, కానీ మండలివారు ఈ మధ్యలో తెలివి మీరారు. డప్పు మోగిన రోజే రద్దీ దినమని తారకేశుకు అధికారమిచ్చారు. డప్పు మోగడం, గొలుసు పడడం. మళ్ళీ నెత్తిమీద ఒక్క మోపు.

"ఇంక నాలుగు సంతలే ఉన్నాయి శావుకారూ. ఇలాగైతే సగం సీపురు పొయ్యిలోకే. మా పిల్లల పుస్తకాలు, పై ఇంటి రేకులు అన్నీ అందులోనే ఉన్నాయి" అంది గురుబారి. ఆవిడ గొంతులో మొదటిసారి వెటకారం లేదు.

ఆ సాయంత్రం తారకేశు కూడా నా కొట్టుకే వచ్చాడు. నిబంధనల పుస్తకం చంకలోనే ఉంది. దేశంలోకెల్లా ఉత్తమ మంచు క్రీడా కేంద్రానికి బహుమానం ఇవ్వడానికి ఉన్నతస్థాయి బృందం వస్తోందట. శిఖర పరిష్కరణ రిజిస్టరు అడిగారట. అంటే, మంచు దేశాల్లో జారే చోటును రోజూ యంత్రంతో సాపు చేస్తారు, ఇక్కడా చేసినట్టు రాతపూర్వకంగా చూపాలి. యంత్రం వచ్చింది. ఎనిమిది టన్నులు. కొండ ఎక్కడానికి రోడ్డు లేక కిందనే టార్పాలిన్ కప్పి పెట్టారు. సంతలో కోళ్ళవాడి పెట్టలు దాని కింద గుడ్లు పెడుతున్నాయి.

"రిజిస్టరు ఖాళీగా ఉంది బాబాయ్. నా ఉద్యోగం పోయినట్టే" అన్నాడు.

నేను నిదానంగా తక్కెడ కింద పెట్టాను. ఇటువైపు చీపురు ఆగిపోయింది. అటువైపు ఊడ్చే దిక్కు లేదు. చీపుర్ల వ్యాపారికి ఇంతకంటే ఏం కావాలి?

"తారకేశూ, గురుబారి దిగేటప్పుడు మోపుల వెనక ఏముంటుంది?"

"కుచ్చులు."

"కుచ్చులు బండ మీద రాసుకుంటూ వస్తే దాన్నేమంటారు?"

అతను నోరు తెరిచాడు. "ఊడవడం."

"మీ సిబ్బందికి పాసు కావాలా?"

"సిబ్బందికి పాసు ఉండదు బాబాయ్, గుర్తింపు కార్డు."

"సాపు చేసే పని ఏ రోజున?"

తారకేశు నిబంధనల పుస్తకం తిరగేశాడు. వేలు ఒక చోట ఆగింది. కుర్రాడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "పాసు చెల్లని రోజుల్లోనే చెయ్యాలని ఉంది. రద్దీ దినాల్లో."

మరుసటి సంతకు డప్పు మోగింది, గొలుసు పడింది, గొలుసు కింద నుంచి మెడలో గుర్తింపు కార్డులతో ముప్పై నాలుగు మంది సిబ్బంది తలా మూడు మోపుల పరికరాలతో బండను సాపు చేసుకుంటూ నా కొట్టు ముందుకు దిగారు. ఒక్కొక్క పరిష్కరణకు మండలి నలభై రూపాయల భత్యం ఇచ్చింది. దింపాక చీపుర్లను ఏం చెయ్యాలి అని గురుబారి అడిగితే, వాడిన పరికరాలతో మండలికి పనిలేదు అన్నాడు తారకేశు. మిగతా ఆరు కొండల మీదా ఇదే పద్ధతి పెట్టారు. ఉన్నతస్థాయి బృందంవారు చూసి ముచ్చటపడ్డారు. ప్రభంజనరావుగారు వారికి వివరించిన తీరు నేను స్వయంగా విన్నాను:

"ఇది ఇంధనరహిత, స్వయంచాలిత, మహిళా నాయకత్వ శిఖర పరిష్కరణ వ్యవస్థ. మంచుపై ఏమాత్రం ఆధారపడదు."

బహుమానం వచ్చింది. దాంతో ఆయనకు పై పదవి కూడా వచ్చింది. ఇప్పుడు ఆయన సముద్ర క్రీడల మండలికి అధిపతి. మొదటి కేంద్రానికి సముద్రం లేని జిల్లాను వెతుకుతున్నారని విన్నాను.

చీపురంతా దిగింది. ఒక్క కుచ్చు రాలిపోలేదు అనను గానీ, పొయ్యిలోకి మాత్రం ఏదీ పోలేదు. ఆ వేసవిలో గురుబారి ఇంటికి కొత్త రేకులు పడ్డాయి. నా తెలివికి నేనే మురిసిపోయి, ఆ ఏడు కనబడ్డ వాళ్ళందరికీ ఈ కథ చెప్పాను. పాసు వల్ల నష్టాలు ఏవేవో లెక్కపెట్టాను. లాభం మాత్రం ఒక్కటీ కనబడలేదు. అది కార్తీకంలో కనబడింది.

పౌర్ణమికి నాలుగు రోజుల ముందు గురుబారి కొట్టుకు వచ్చింది. వెంట ఇద్దరు. ఒకరు కోడిజుట్టు కొండ ముసలామె. రెండో ఆమె ఏ కొండో నాకు గుర్తు రాలేదు గానీ, పట్నం వరసలో మా వెనక నిలబడిన మనిషే. ముగ్గురూ బల్ల మీద కూర్చున్నారు. మజ్జిగ ఇప్పించాను.

"శావుకారూ, ఈ ఏడు మోపు ఎలాగ తీసుకుంతావు?"

"నిరుడు రెండు వందల ఇరవై. నువ్వు అడిగావు గనక ఇంకో అయిదు వేస్తాను."

"విడి మోపు ఆరొందలు" అంది గురుబారి.

నవ్వబోయాను. ముగ్గురిలో ఎవరూ నవ్వడం లేదు. "ఆరు వందలకి ఎవడు కొంటాడే?"

"ఎవులూ కొనకూడదనే ఎట్టినాం" అని గురుబారి కొంగు ముడి విప్పి ఒక అట్టముక్క నా ముందు పెట్టింది. మండలి పాసులు అచ్చువేసిన ప్రెస్సులోనే వేయించినట్టున్నారు, అంచుకు అదే పువ్వుల తీగ. ఎనిమిది కొండల చీపురు పాసు. పాసు ఉన్న వ్యాపారికి ఏ కొండ మీదైనా మోపు రెండు వందల అరవై. పాసు ధర వేరే.

"మిగతా కొండలవాళ్ళ దగ్గర విడిగా కొనుక్కుంటాను" అన్నాను.

"కొనుక్కో బాబూ. ఆరొందలు" అంది కోడిజుట్టు ముసలామె. "అందరం ఒకటే వరసలో నిలబడ్డాం గదా, మూడు గంటలు. ఏం మాటాడుకుంటాం మరి?"

అట్ట వెనక సన్నటి అక్షరాల్లో షరతులున్నాయి. డబ్బు పౌర్ణమి లోపల కట్టాలి. తిరిగి ఇవ్వబడదు. కనీసం అయిదు కొండల మీద స్వయంగా వచ్చి సరుకు ఎత్తి అచ్చు వేయించుకోవాలి, లేకపోతే పాసు రద్దు. శనివారాల్లో చెల్లదు.

"సంత మళ్ళీ శనివారానికే మారింది కదా!"

"రద్దీ శావుకారూ" అంది గురుబారి జాలిగా.

"ఎనిమిదో కొండ మట్టిదిబ్బ. దాని మీద చీపురు ఎక్కడ మొలిచింది?"

"మొలవలేదు. అచ్చు మట్టుకు ఏస్తాం. తారకేశు బాబుకి సెప్పినాం."

ఆ మధ్యాహ్నమంతా కాగితం మీద కూడి, తీసి, భాగించి చూశాను. ఎటు నుంచి వేసినా పాసే చౌక. శాస్త్రం అలాంటిది. పౌర్ణమి ముందు రోజున కట్టేశాను.

ఇప్పుడు మాఘమాసం. నాకు మూడు అచ్చులు పడ్డాయి, మూడు కొండలకే వదిలేస్తే పాసు గిట్టుబాటు కాదు. రేపు కోడిజుట్టు. నిలువు బండ. పైదాకా నడిచి, మోపు మీద కూర్చుని రావాలట, ఊరికే దిగితే అచ్చు వెయ్యరట. మోకాళ్ళకు పట్టీలు కట్టుకుంటుంటే మా ఆవిడ అడిగింది, ఈ వయసులో ఈ కొండలేమిటి అని.

పాసుంది కదా అన్నాను.